పోటులో బయటికి వచ్చిన గోదావరి: 1986 నాటి ఒక సర్వే నౌక రికార్డులపై కేస్ స్టడీ

"మీ ఫైల్లో గోదావరి పోటు వేళ సముద్రంలోకి వస్తోందండీ. పాటు వేళ ఉప్పునీళ్ళు మొగ దాటి లోపలికి పోతున్నాయి. ఎక్కడో తేడా ఉంది, ఒకసారి చూస్తారా?"

పోటులో సముద్రం లోపలికి ఎక్కాలి, పాటులో వెనక్కి తీస్తే నది బయటికి రావాలి. ఇక్కడ అది తిరగబడింది. ఫోన్ చేసింది గౌతమి మొగ (గోదావరి గౌతమి పాయ సముద్రంలో కలిసే చోటు) దగ్గర నీటి కదలికల మీద కంప్యూటర్ మోడల్ కడుతున్న ఒక పరిశోధక విద్యార్థి. అతను వాడుతున్న ఫైలు నేను పంపిందే. 1986 ఆగస్టులో ఒక తీర సర్వే నౌక కాకినాడ నుంచి అంతర్వేది వరకు తిరిగి తీసుకున్న కొలతలు అవి. మొత్తం 31 స్టేషన్లు, అంటే నౌక ఆగి కొలతలు తీసుకున్న చోట్లు. అతనికి ఇంకో సందేహం కూడా ఉంది. ఎనిమిది స్టేషన్లలో ఉపరితల లవణీయత పక్కన 4 అనే జెండా ఉంది, అవి ఎందుకు చెడిపోయాయో చెప్పమన్నాడు. మా లెక్కల్లో 1 అంటే మంచిది, 3 అంటే అనుమానం, 4 అంటే చెడ్డది. ఆ ఎనిమిది జెండాలూ పెట్టింది నేనే.

ఇరవై రెండేళ్ళు పరిశోధన నౌకల డెక్ మీద పనిచేసి, ఇప్పుడు కాకినాడలో కూర్చుని పాత నౌకల కాగితాలను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని చేస్తున్నాను. ఆ నౌక మీద నేను ఎక్కలేదు. అందుకే ఈ కేసు మొత్తం కాగితాల మీద, కాగితాలు రాసిన మనుషుల మీద నడిచింది. ఇదే పనిలో ఉన్న వాళ్ళకు పనికొస్తుందని అడుగడుగునా ఏం జరిగిందో రాస్తున్నాను. నౌక పేరు, దాన్ని నడిపిన సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు.

ముందుగా, నౌక ఆగిన చోట పని ఎలా సాగుతుందో చెప్పాలి. తప్పు పుట్టింది అక్కడే.

నౌక మీద డ్యూటీని వాచ్ అంటాం. నాలుగు గంటల పని, ఎనిమిది గంటల విశ్రాంతి. 12–4, 4–8, 8–12 అని మూడు వాచ్‌లు. పగలు 12–4 చేసినవాడికి రాత్రి కూడా 12–4 పడుతుంది. రాత్రి పన్నెండున్నరకు నిద్రమత్తులో బకెట్ విసిరేవాడు, మధ్యాహ్నం పన్నెండున్నరకు అన్నం తిన్న మత్తులో అదే బకెట్ విసురుతాడు. స్టేషన్ రాగానే బ్రిడ్జ్ (నౌకను నడిపే గది) మీద నుంచి ఆఫీసర్ ఇంజన్ ఆపిస్తాడు. ముందువైపు నుంచి బకెట్‌తో పైనీరు తోడతారు, థర్మామీటర్ ముంచుతారు. పగలైతే సెక్కీ డిస్క్ దింపుతారు. అది 30 సెంటీమీటర్ల తెల్ల పళ్ళెం, నీటిలో ఎంత లోతున కనపడకుండా పోతుందో చూసి ఆ లోతు రాస్తారు. తర్వాత వించ్, ఉక్కుతీగను దించి పైకి లాగే యంత్రం. ఆ తీగకు నాన్సెన్ సీసాలు ఒక్కొక్కటే బిగించి దించుతారు. థర్మామీటర్లు ఆ లోతు వేడికి సర్దుకునేదాకా కొన్ని నిమిషాలు ఆగి, మెసెంజర్ అనే ఇత్తడి గుండును తీగ వెంట వదులుతారు. అది జారుతూ వెళ్ళి పై సీసాను తడుతుంది. సీసా తలకిందులై నీటిని పట్టుకుంటుంది, దాని ఒంటికి ఉన్న థర్మామీటర్‌లో పాదరసం అక్కడే తెగి ఆగుతుంది, కింద వేలాడే రెండో గుండు జారి తర్వాతి సీసాను తడుతుంది. తీగ మీద చెయ్యి వేసి ఉంచితే ఒక్కో తట్టూ వేలికి తెలుస్తుంది. పదేళ్ళు గడిచినా నా వేళ్ళు ఆ తట్టు మరిచిపోలేదు.

సీసా పైకి వచ్చాక భూతద్దం పెట్టి థర్మామీటర్ చదవాలి. లవణీయత కోసం తీసే చిన్న సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి నింపాలి. సిలికేట్, ఫాస్ఫేట్ లాంటి పోషకాల కోసం వేరే సీసా. ఇవన్నీ చేస్తూనే స్టేషన్ షీట్ నింపాలి. షీట్ పైభాగంలో స్టేషన్ నంబరు, తేదీ, సమయం, అక్షాంశ రేఖాంశాలు, ఎకో సౌండర్ చూపిన లోతు, గాలి, మబ్బు, సముద్రం తీరు. కింద సీసాల పట్టిక. అడుగున రిమార్కుల గడి. పక్కన మూడు సంతకాలు: రాసినవారు, సరిచూసినవారు, వించ్ నడిపినవారు.

సమయం గడి పక్కన జీఎంటీ అని అచ్చువేసి ఉంటుంది. ప్రపంచంలో ఏ నౌక కొలతలతోనైనా కలిపి చూడాలంటే అందరూ గ్రీనిచ్ కాలమానమే రాయాలి. నౌకలో మనుషులు బతికేది మాత్రం మన కాలంతో. టిఫిన్, భోజనం, వాచ్ మార్పు, అన్నీ భారత కాలమానమే. రెండింటికీ మధ్య తేడా 5 గంటల 30 నిమిషాలు. అందుకే ల్యాబ్ గోడకు జీఎంటీ పెట్టిన గడియారం ఒకటి విడిగా ఉంటుంది.

ఇక నా చేతికి వచ్చినవి రెండు. ఒకటి టేబుల్. ఆ షీట్లను చాలా ఏళ్ళ క్రితం ఎవరో కూలికి టైప్ చేయించిన ఫైలు. రెండు, ఒక రేకుపెట్టె. అందులో అసలు షీట్లు, లవణీయత కొలిచిన నోటుబుక్, పోషకాలు కొలిచిన నోటుబుక్, ఎకో సౌండర్ కాగితపు చుట్టలు. మొదట్లో పెట్టె జోలికి పోలేదు. టేబుల్ శుభ్రంగా కనిపించింది, పని తొందరలో ఉంది, షీట్లు చెమ్మకు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. టేబుల్ తీసుకుని మామూలు పరీక్షలు నడిపాను. బంగాళాఖాతానికి నేను పెట్టుకున్న లవణీయత జల్లెడ 28 నుంచి 36, అంటే కిలో నీటిలో దాదాపు అన్ని గ్రాముల ఉప్పు. ఎనిమిది విలువలు దానికి తక్కువ వచ్చాయి. 4 జెండా పడింది. ఫైలు వెళ్ళిపోయింది. నేను చేసిన తప్పు ఇది, దీనికి వేరే కారణం చెప్పను.

ఆ విద్యార్థి ఫోన్ వచ్చాక మొదట చేసిన పని నౌక దారిని పటం మీద గీయడం. రెండు విషయాలు వెంటనే బయటపడ్డాయి.

మొదటిది సులువుగా తేలింది. కొన్ని స్టేషన్ల దగ్గర టేబుల్ చెప్పే లోతు 16 మీటర్లు ఉంటే, పటం మీద ఆ చోట దానికి ఎన్నో రెట్లు లోతు ఉంది. తర్వాత చూస్తే షీట్‌లో అక్షాంశం 16-42.5 అని రాసి ఉంది, అంటే 16 డిగ్రీల 42.5 నిమిషాలు. టైప్ చేసినవారు దాన్ని 16.425 డిగ్రీలు చేశారు. నిజానికి అది 16.708. ఒక్క చుక్క జరిగితే నౌక 30 కిలోమీటర్లకు పైగా దక్షిణానికి పోయింది. గోదావరి ముందు సముద్రపు అరుగు వెడల్పు తక్కువ, తీరం దాటి కొంత దూరం పోగానే నేల దిగిపోతుంది. అందుకే లోతు దగ్గర దొరికిపోయింది. వెడల్పు అరుగు ఉన్న తీరంలో అయితే ఈ తప్పు ఎంతకాలమైనా దాగి ఉండేది. నాలుగు స్టేషన్లకు ఇలా జరిగింది, సరిచేశాను.

రెండోదానికి తల తిరిగింది. ఆగస్టు 20న 12:30కి ఒక స్టేషన్, 12:40కి ఇంకో స్టేషన్. వాటి మధ్య ఎనిమిది నాటికల్ మైళ్ళు. పది నిమిషాల్లో ఎనిమిది మైళ్ళంటే గంటకు 48 మైళ్ళు, అంటే 48 నాట్లు. ఆ నౌక ఎంత తొక్కినా పది నాట్లు దాటదు. పటం మీద గీత అటూ ఇటూ జాలరి వల అల్లినట్టు పోయింది.

అప్పుడు పెట్టె తెరిచాను. తెరవాల్సింది మొదటి రోజే.

షీట్లను విడదీయడానికి మూడు రోజులు పట్టింది. నీడలో ఆరబెట్టి, మధ్యలో బ్లాటింగ్ కాగితం పెట్టి, ఒక్కొక్కటే. వరసగా పేర్చి చూస్తే టేబుల్ కథ అర్థమైంది. టైప్ చేసినవారు సమయాన్ని బట్టి వరస మార్చి, స్టేషన్లకు కొత్త నంబర్లు ఇచ్చేశారు. రిమార్కుల గడిని అసలు ఎక్కించనే లేదు. అసలు షీట్లలో 20వ తేదీ వరస ఇలా ఉంది: 10వ స్టేషన్ 05:50, 11వది 12:40, 12వది 14:10, 13వది 15:25, 14వది 11:15, 15వది 12:30. 13 తర్వాత 14కి కాలం నాలుగు గంటలు వెనక్కి పోయింది. టైప్ చేసినవారికి ఇది తప్పులా అనిపించి ఉంటుంది, సర్దేశారు. అలా సర్దడంతో ఆ తప్పును చూపించే ఒకే ఒక్క ఆధారం పోయింది.

11, 12, 13 షీట్లు ఒకే చేతిరాత. గుండ్రటి అక్షరాలు, 7కి మధ్యలో అడ్డగీత. ఇరుపక్కల షీట్లది వేరే రాత. అంటే 12–4 వాచ్ కుర్రాడు జీఎంటీ గడిలో మన సమయం రాశాడా? అనుమానం ఒకటి, రుజువు ఒకటి. రుజువు సెక్కీ డిస్క్ ఇచ్చింది. 12వ స్టేషన్‌లో 14:10కి డిస్క్ 0.4 మీటర్ల దగ్గర కనపడకుండా పోయిందని రాసి ఉంది. 14:10 జీఎంటీ అంటే మనకు రాత్రి 7:40. ఆగస్టులో మా తీరంలో ఆరున్నరకల్లా పొద్దు గుంకుతుంది. చీకట్లో తెల్ల పళ్ళెం ఎవరు చూశారు? 13వ స్టేషన్‌లో అయితే లెక్క ప్రకారం రాత్రి తొమ్మిది కావస్తోంది, అక్కడా డిస్క్ రీడింగ్ ఉంది. ఇదే చేతిరాతతో రాత్రి స్టేషన్లు చూశాను. 01:15 అని ఉన్న షీట్‌లో సెక్కీ గడి ఖాళీ. 01:15 జీఎంటీ అయితే మనకు ఉదయం 6:45, వెలుతురు ఉండాలి, రీడింగ్ ఉండాలి. లేదు, ఎందుకంటే అది నిజంగానే అర్ధరాత్రి దాటిన ఒంటిగంటా పావు.

ఇక్కడే ఆ విద్యార్థి చెప్పిన మాటకు జవాబు ఉంది. మా తీరంలో పోటు, పాటు రోజుకు రెండేసి సార్లు. ఒక పోటు నుంచి మరో పోటుకు దాదాపు 12 గంటల 25 నిమిషాలు. అందులో సగం 6 గంటల 12 నిమిషాలు. మన గడియారానికీ గ్రీనిచ్‌కీ తేడా ఐదున్నర. ఆ ఐదున్నర గంటలు తప్పితే సముద్రం దాదాపు సగం చుట్టు తిరుగుతుంది, పాటు పోటయి కూర్చుంటుంది. ఆ ఏడాది ఆగస్టు 19 శ్రావణ పౌర్ణమి. పౌర్ణమికి ఇక్కడ ఉదయం తొమ్మిది ప్రాంతంలో పోటు నిండుతుంది, మర్నాటికి ముప్పావుగంట వెనక పడుతుంది. అంటే 20న మధ్యాహ్నం 12:40కి మంచి పాటు, నది బయటికి తోసుకొస్తున్న సమయం. అదే 12:40ని జీఎంటీ అనుకుంటే సాయంత్రం 6:10, పోటు లోపలికి ఎక్కే సమయం. రెండు రోజులూ మొగకు దగ్గరి స్టేషన్లు 12–4 వాచ్‌లోనే పడ్డాయి. పాపం ఆ విద్యార్థి మోడల్‌ను ఎన్ని వారాలు తిప్పాడో.

అలా 14 స్టేషన్లు 12–4 చేతిరాతతో తేలాయి. అన్నిటి నుంచీ 5:30 తీసేసి ఫైలు పంపేసేవాణ్ణే. ఆపింది మూడు షీట్లు.

అవి 22వ తేదీవి. 01:40, 02:35, 03:20. అదే గుండ్రటి రాత, అదే అడ్డగీత 7. కిందభాగం చెమ్మకు ముద్దయింది, సెక్కీ గడి చదవడానికి లేదు. వాటికి ముందు, వెనక షీట్లు అసలే మిగల్లేదు. చేతిరాత ప్రకారం, గంటల ప్రకారం ఇవి కూడా రాత్రి 12–4 వాచ్‌వే, మన సమయమే. అయినా మిగిలిన పదకొండింటికి సూర్యుడో, వరసో సాక్ష్యం ఉంది, వీటికి ఏదీ లేదు. బ్రిడ్జ్ లాగ్ ఉంటే ఒక్క చూపుతో తేలిపోయేది, ఇంజన్ ఆపిన ప్రతిసారీ అందులో సమయం పడుతుంది. ఆ ప్రయాణం లాగ్ ఎక్కడా దొరకలేదు. సైన్సు కాగితాలు ఒక గదికి, నౌక కాగితాలు ఇంకో గదికి పోతాయి, ఆ రెండో గదిని కొన్నేళ్ళకోసారి ఖాళీ చేస్తారు. నా అనుభవంలో ఇది మళ్ళీ మళ్ళీ జరిగింది, ప్రతిసారీ బాధపడ్డాను.

షీట్లను ఇంకోసారి తిరగేస్తుంటే వించ్ నడిపినవారి సంతకం దగ్గర కన్ను ఆగింది. షీటంతా ఇంగ్లీషు, ఆ ఒక్క సంతకం తెలుగులో ఉంది. పొందికైన అక్షరాలు. నేను పనిచేసిన నౌకల పాత కళాసీలను అడిగితే, రెండు ఫోన్లలో మనిషి దొరికాడు. సరంగు, అంటే కళాసీలకు పెద్ద. ఊరు తాళ్ళరేవు దగ్గర. ఎనభై దాటాయి, మనిషి గట్టిగానే ఉన్నాడు అన్నారు.

తాళ్ళరేవు, కోరంగి అంటేనే ఓడల ఊళ్ళు. తెరచాప ఓడలు కట్టారు, నడిపారు, రంగూన్ దాకా పోయారు. బర్మాలో తెలుగువాళ్ళనంతా కోరంగీలు అనేవారంటే అది ఈ రేవు పేరే. 1839 నవంబరులో వచ్చిన తుపాను కోరంగిని ముంచేసింది. అలాంటి తుపానులను కలకత్తాలో కూర్చుని నౌకల లాగ్ పుస్తకాల నుంచి లెక్కకట్టిన హెన్రీ పిడింగ్టన్ వాటికి సైక్లోన్ అని పేరు పెట్టాడు. ఏ నౌక ఎక్కడ ఉంది, ఎన్ని గంటలకు గాలి ఎటు తిరిగింది అన్న నావికుల రాతలే ఆయనకు ఆధారం. ఆ దారిలో బస్సులో పోతుంటే నాకు అదే గుర్తొచ్చింది.

సరంగుగారు వీధి అరుగు మీద కూర్చుని ఉన్నారు. షీట్ ఫోటో చూపించాను. కళ్ళజోడు సర్దుకుని సంతకం మీద వేలు పెట్టారు.

"నాదేనండి. ఇది జంధ్యాల పౌర్ణమి ట్రిప్పు కదండీ. పెద్ద వరదొచ్చిన ఏడు."

"అవునండీ. అప్పుడు ల్యాబ్‌లో గడియారం సరిగా ఉండేదాండీ?"

"ఎక్కడండి బాబూ. బయలుదేరిన రాత్రే కిటికీలోంచి కెరటం కొట్టి గోడ గడియారం తడిసి ఆగిపోయింది. మిగతావాళ్ళు బ్రిడ్జికి ఫోన్ చేసి టైం అడిగి రాసుకునేవాళ్ళు. పన్నెండు–నాలుగు బాబు కొత్త, బ్రిడ్జికి ఫోన్ చెయ్యాలంటే భయం. చేతి వాచీ చూసి రాసేవాడండి. తప్పని ఆ బాబుకి తెలీదు."

"తర్వాత బాగుచేశారా?"

"గురువారం సాయంత్రం మేటుగారు స్టోర్‌లోంచి వేరే గడియారం తెచ్చి తగిలించారండి."

గురువారం అంటే 21. గుండె కొట్టుకుంది. నా మూడు షీట్లు శుక్రవారానివి. ఎంత జ్ఞాపకశక్తి ఉన్నా ముప్పై ఏళ్ళు దాటిన మాట మీద ఫైలు మార్చలేను. ఆ సంగతి ఎలా చెప్పాలా అనుకుంటుంటే ఆయనే లోపలికి కేకేశారు. మనవరాలు ఒక ట్రంకుపెట్టె లాక్కొచ్చింది. అందులో నుంచి నల్ల అట్ట నోటుబుక్కు తీశారు.

అది వించ్ పుస్తకం. సరంగుగారు తన సొంతానికి రాసుకున్నది. వించ్ ఎన్ని గంటలు తిరిగిందో లెక్క ఉంటేనే తీగకు గ్రీజు ఎప్పుడు పెట్టాలో తెలుస్తుంది, కళాసీల ఓవర్‌టైమ్ లెక్క కూడా అందులోంచే తేలుతుంది. ఓవర్‌టైమ్ దగ్గర పేచీ వస్తే చూపించడానికి ప్రతిసారీ బ్రిడ్జ్ గడియారం అడిగి రాసుకున్నారట. "డబ్బు లెక్క కదండీ, నిమిషం తేడా రాకూడదు." తేదీలు లేవు, వారాలు ఉన్నాయి. మంగళవారం దగ్గర "పౌర్ణమి, సాయంత్రం లంగరు ఎత్తాం" అని ఉంది. క్యాలెండర్‌తో సరిపోయింది. బుధవారం కింద ఇలా ఉంది: "12-40 నుంచి 1-05. తీగ 15. ఎర్రనీళ్ళు. దుంగలు. పాము." ఇది నా 11వ స్టేషన్. షీట్‌లో జీఎంటీ గడిలో ఉన్న 12:40, బ్రిడ్జ్ గడియారం ప్రకారం మన 12:40. పదకొండు స్టేషన్లూ ఇలాగే నిమిషాల తేడాతో కుదిరాయి.

శుక్రవారం పేజీ తిప్పాను. "7-10 నుంచి 7-35. టిఫిన్ ఆలస్యం. ముగ్గురికి వాంతులు." తర్వాత 8-05, తర్వాత 8-50.

01:40కి ఐదున్నర కలిపితే 7:10. 02:35కి కలిపితే 8:05. 03:20కి కలిపితే 8:50. ఆ మూడు షీట్లలో ఉన్నది అచ్చమైన జీఎంటీ. ఆ ఉదయం సముద్రం బాగా లేచింది, మిగతా వాచ్‌ల వాళ్ళు పడిపోతే ఆ కొత్త కుర్రాడే వాళ్ళ బదులు నిలబడి రాశాడు, కొత్త గడియారం చూసి రాశాడు. చేతిరాత నమ్మి ఐదున్నర తీసేసి ఉంటే, సరిగ్గా ఉన్న మూడింటిని నా చేత్తో పాడుచేసేవాణ్ణి.

అక్కడే కూర్చుని పేజీలన్నీ ఫోటో తీసుకున్నాను. సరంగుగారి అనుమతితో ఆ ఫోటోలు ఇప్పుడు ఫైలులో భాగం. పుస్తకం వాళ్ళింట్లోనే ఉంది.

"ఎర్రనీళ్ళు, దుంగలు, పాము" అన్న ఆ మూడు మాటలే రెండో ప్రశ్నకూ తలుపు తీశాయి. నేను చెడ్డవని కొట్టేసిన ఎనిమిది లవణీయతల సంగతి. 1986 ఆగస్టు 16న ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటింది. బ్యారేజీ దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 17 లక్షలకు, ఇది దానికి రెట్టింపు. భద్రాచలంలో 75.6 అడుగులు. కోనసీమలో ఆ వరద చూసినవాళ్ళెవరూ ఇప్పటికీ మరిచిపోలేదు. మూడు రోజుల తర్వాత నౌక ఆ నీటి మధ్యకే బయలుదేరింది. అక్కడ పైనీటి లవణీయత 9.8 వస్తే చెడ్డదని నేనెలా అన్నాను? ఏడాది మొత్తానికి, బంగాళాఖాతం మొత్తానికి పనికొచ్చే జల్లెడను వరదరోజుల్లో నది మొగ దగ్గర పెట్టాను. వరద రోజుల్లో నౌక అక్కడ ఉండటమే అరుదు, అలాంటి కొలతలు వెతికినా దొరకవు. వాటినే చెత్తలో వేశాను.

అయినా వరద వచ్చిందన్న ఒక్క కారణంతో జెండాలు మార్చలేదు. పోషకాల నోటుబుక్ తెరిచాను. నదినీటిలో సిలికేట్ ఎక్కువ, సముద్రపు పైనీటిలో చాలా తక్కువ. రెండూ కలిసినచోట లవణీయత తగ్గేకొద్దీ సిలికేట్ పెరగాలి, చుక్కలు పెడితే దాదాపు ఒకే గీత మీద రావాలి. లవణీయత కొలిచినవారు వేరు, సిలికేట్ కొలిచినవారు వేరు, సీసాలు వేరు, పుస్తకాలు వేరు. ఎనిమిదింటిలో ఏడు గీత మీద కూర్చున్నాయి. 9.8 ఉన్నచోటే సిలికేట్ అన్నిటికంటే ఎక్కువ. లవణీయత పుస్తకంలో వాటిలో రెండిటికి జంట సీసాలు కూడా కొలిచి ఉన్నాయి, రెండూ ఏకీభవించాయి. షీట్ల రిమార్కుల గడుల్లో "గోధుమరంగు నీరు, తేలుతున్న కొమ్మలు" అని ఉంది, టైప్ చేయని గడి అదే.

ఇంకో చిక్కు కూడా ఈ దశలోనే విడిపోయింది. కొన్ని స్టేషన్లలో ఉపరితలం 14 ఉంటే, 5 మీటర్ల సీసాలో 31. ఇంత తేడా చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. నదినీరు తేలిక, ఉప్పునీటి మీద రెండు మూడు మీటర్ల పలుచని దుప్పటిలా పరుచుకుంటుంది. నౌక అడుగే మూడు మీటర్లకు పైగా నీటిలో ఉంటుంది, ప్రొపెల్లర్ దగ్గర ఆ దుప్పటి చిరిగి కింది నీటితో కలిసిపోతుంది. బకెట్ ఎక్కడ విసిరారన్నది ముఖ్యం. సరంగుగారిని అదీ అడిగాను. ముందువైపు, నౌక మురుగునీరు వదలని పక్క నుంచి, ఇంజన్ ఆపి కాస్త ముందుకు తేలుతున్నప్పుడు అన్నారు. అలాగే చేయాలి కూడా. ఆ విలువలను నమ్మడానికి నాకు ఆ మాట సాయపడింది.

మార్పులు ఎలా చేశానో క్లుప్తంగా చెబుతాను. షీట్‌లో ఉన్న సమయం అలాగే ఒక కాలమ్‌లో ఉంది, సరిచేసిన సమయం పక్క కాలమ్‌లో ఉంది, మూడో కాలమ్‌లో కారణం ఉంది: సెక్కీ, వరస, వించ్ పుస్తకం, లేదా రెండు మూడు కలిసి. అసలు స్టేషన్ నంబర్లు తిరిగి పెట్టాను. టైప్ చేసినవారి నంబర్లు కూడా తీసేయలేదు, ఆ నంబర్లతో ఎవరైనా ఎక్కడైనా వాడి ఉంటే వెతుక్కోవడానికి దారి ఉండాలి. రిమార్కులను ఉన్నవున్నట్టు ఎక్కించాను, అక్షరదోషాలతో సహా. ఏడు జెండాలు 4 నుంచి 1కి మారాయి. జల్లెడను కూడా మార్చాను. గోదావరి, కృష్ణ మొగల చుట్టూ జూన్ నుంచి నవంబరు వరకు కింది హద్దు సున్నా. ఆ హద్దుకు తక్కువ వచ్చేది ఏదీ లేదు కాబట్టి అక్కడ యంత్రం నిర్ణయించదు, మనిషి సిలికేట్ చూసి నిర్ణయించాలి. పని పెరిగింది, పెరగాల్సిందే.

మన తీరానికి నౌక మీద నుంచి కొలిచిన లెక్కలు కొత్తవేం కావు. 1952లో అమెరికా నుంచి యూజీన్ లాఫాండ్ వాల్తేరు వచ్చి, ఆంధ్ర విశ్వవిద్యాలయం విద్యార్థులతో నేవీ నౌకల మీద ఈ నీటిని కొలిచారు. ఈ తీరం ముందు సముద్రంలో ఉన్న లోయలకు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టింది ఆయనే. తర్వాత గవేషణి వచ్చింది, 1983లో సాగర్ కన్య వచ్చింది. ఒక్కో నౌక వెనుకా ఇలాంటి షీట్లు వేలకొద్దీ ఉంటాయి. ఆనకట్టలు పెరిగి నది తీరు మారింది, డెల్టా అంచు కొన్నిచోట్ల కోసుకుపోతోంది. పాత నీరు ఎలా ఉండేదో ఇక కొలవలేం, కొలిచిన కాగితాలే మిగిలాయి. అందుకే ఈ షీట్ల కోసం మూడు రోజులు బ్లాటింగ్ కాగితం మారుస్తూ కూర్చోవడం నాకు ఎక్కువ అనిపించదు.

కొత్త ఫైలు పంపిన వారానికి ఆ విద్యార్థి గ్రాఫ్ పంపాడు. మొగ దగ్గరి స్టేషన్లలో తియ్యనీరు ఇప్పుడు పాటులో బయటికి వస్తోంది. మోడల్ గీతకూ కొలతలకూ ఇంకా కొంత ఎడం ఉంది. 1986 నాటికి మొగ ముందు ఇసుక మేటలు వేరేగా ఉండేవి కాబట్టి అది ఉంటుందనే అనుకుంటున్నాం. పాత చార్టులు తెప్పిస్తున్నాడు.

మిగిలింది 19వ స్టేషన్. ఎనిమిదింటిలో గీత మీదకు రాని ఒక్కటి అదే. లవణీయత 21.7, సిలికేట్ మాత్రం సముద్రపు నీటిదంత తక్కువ. సీసా నంబరు మీద సిరా అలుక్కుపోయింది. 3 అయి ఉండొచ్చు, 8 అయి ఉండొచ్చు. 3 అయితే ఆ నీరు ఇంకో స్టేషన్‌ది. దానికి 4 తీసి 3 పెట్టాను, అనుమానం అని. ఆ స్టేషన్ దగ్గర నౌక ఎంతసేపు ఆగిందో, ఎటు తేలిందో ఎకో సౌండర్ చుట్టలో తెలియాలి. చుట్ట పెళుసుగా ఉంది, విప్పితే విరుగుతోంది. తడి గుడ్డ కట్టిన డబ్బాలో పెట్టాను, మెత్తబడ్డాక మెల్లగా విప్పాలి.